మెస్సీనియా, మాని తీరం: పెద్దవాళ్ళు, చిన్నపిల్లలతో ఎక్కడ దిగితే బాగుంటుంది?

కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్ దగ్గర. మే నెలాఖరు హాఫ్ టర్మ్ సెలవులకి గ్రీస్ వెళ్దామని ఉంది. దీవులు వద్దనుకున్నాం. సామాన్లతో, పెద్దవాళ్ళతో ఫెర్రీలు ఎక్కి దిగడం మా వల్ల కాదు. కలమాటకి లండన్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది కాబట్టి పెలొపొనీస్ (గ్రీస్ దక్షిణాన ఉన్న పెద్ద ద్వీపకల్పం) దక్షిణ తీరం ఖాయం చేసుకున్నాం. 2026 మే 23 శనివారం వెళ్ళి 31 ఆదివారం తిరిగి రావాలి.

మేం ఆరుగురం. మేమిద్దరం, ఏడేళ్ళ పాప, మూడేళ్ళ బాబు, తెనాలి నుంచి వస్తున్న అత్తయ్య, మామయ్య. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, మాంసం గుడ్డు ముట్టరు. మామయ్యకి తెల్లారేసరికి నడక ఉండాల్సిందే. కారు తీసుకుంటాం, డ్రైవింగ్ మా ఆయన ఒక్కరే చేస్తారు.

కార్దమిలి, స్టూపా, పైలోస్, కలమాట, ఈ నాలుగు పేర్ల మధ్యే తిరుగుతున్నాం. మ్యాప్‌లో చూస్తే అన్నీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఎక్కడ దిగినా మిగతావన్నీ చూసి రావచ్చా?

మంచుకొండ
అక్కా, మాది మ్యూనిక్. మా ఇంట్లోవాళ్ళకి ఆ తీరం అంటే ప్రాణం, వేసవిలో ఎక్కువగా అక్కడికే వెళ్తుంటాం. ముందు ఆ మ్యాప్ సంగతి చెప్తాను.

పెలొపొనీస్ కింది భాగం చేతివేళ్ళలా సముద్రంలోకి సాగి ఉంటుంది. పడమటి వేలు మీద పైలోస్, మెథోని, కొరోని ఉన్నాయి. మధ్య వేలు మాని. అందులో కార్దమిలి, స్టూపా, ఇంకా కిందికి అరియోపోలి. రెండు వేళ్ళ మధ్య మెస్సీనియా అఖాతం, దాని తలమీద కలమాట. కార్దమిలి నుంచి చూస్తే నీళ్ళకి అవతల కొరోని వైపు కొండలు కనిపిస్తాయి. కానీ కారులో వెళ్ళాలంటే అఖాతం మొత్తం చుట్టి రావాలి, ఒకవైపుకే రెండు గంటలు.

దానికితోడు మాని వైపు కొండ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. టైగెటస్ శిఖరం 2,407 మీటర్లు. కలమాట నుంచి కార్దమిలి 35 కిలోమీటర్లే అయినా ముప్పావు గంట పైన పడుతుంది. కాంపోస్ ఊరు రాకముందు లోయలోకి దిగి మళ్ళీ ఎక్కే మలుపులు చాలా గట్టిగా ఉంటాయి. వెనక సీట్లో చిన్నపిల్లలుంటే ఒకటి రెండు చోట్ల ఆపక తప్పదు. ఈ రోడ్డు రోజూ ఎక్కి దిగేది కాదు.

అందుకని ముందు తేల్చుకోవాల్సింది ఏ వేలు అన్నది. ఏ ఊరు అన్నది ఆ తర్వాత. రెండూ చూడాలనుకుంటే సెలవంతా కారులోనే గడిచిపోతుంది. మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు, అంటే అత్తయ్యగారూ బాబూ, గుమ్మం దిగి తమంతట తాము ఎక్కడిదాకా వెళ్ళగలరో చూసి ఊరు ఎంచుకోండి. ఆ లెక్కన చూస్తే నా ఓటు స్టూపాకి.

కృష్ణాతీరం
చాలా థాంక్స్ తమ్ముడూ. రెండు గంటలంటే ఆశ్చర్యంగా ఉంది. స్టూపా కంటే కార్దమిలి అందంగా ఉంటుందని అందరూ రాస్తున్నారు కదా? నిజానికి కార్దమిలి పైన కొండమీద ఒక రాతి ఇల్లు మనసులో పెట్టుకున్నాం. మూడు బెడ్‌రూములు, కొలను, వరండా నుంచి సముద్రమంతా కనిపిస్తోంది. ఫోటోలు చూసి పాప ఇప్పటికే గదులు పంచేసింది.

మంచుకొండ
అందం మాట నిజమే. కార్దమిలి రాతి ఊరు. పాత కోటలాంటి ముర్త్సినోస్ బురుజు, సెయింట్ స్పిరిడాన్ గుడి గంటగోపురం, వెనక విరోస్ లోయ, చూడటానికి నాకూ అదే ఎక్కువ ఇష్టం. బ్రిటిష్ రచయిత పాట్రిక్ లీ ఫెర్మర్ ఆ ఊళ్ళోనే ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఆ ఇల్లు ఇప్పుడు బెనాకీ మ్యూజియం చేతిలో ఉంది.

కానీ మీ బాబు సంగతి చూడండి. కార్దమిలి దగ్గర పెద్ద బీచ్ రిట్సా, మొత్తం గుండ్రాళ్ళు. ఒట్టి కాళ్ళతో నాలుగడుగులు వేస్తే పెద్దవాళ్ళే తూలిపోతారు. ఊళ్ళో మెయిన్ రోడ్డు అంటే కలమాట బస్సులూ లారీలూ వెళ్ళే రోడ్డే. సన్నటి రోడ్డు, కొన్నిచోట్ల ఫుట్‌పాత్ ఉండదు.

స్టూపాలో ఇసుక బీచ్, అర్ధచంద్రంలా లోపలికి తిరిగిన చిన్న అఖాతం. మూడేళ్ళ పిల్లాడు మోకాలి లోతులో చాలా దూరం నడవగలడు. ఒడ్డు పొడుగునా తవెర్నాలు (చిన్న భోజనశాలలు), కుర్చీలు. అత్తయ్యగారు నీడలో కూర్చుని మనవళ్ళని చూసుకోవచ్చు. ఉత్తరాన కొంచెం నడిస్తే కలోగ్రియా, అదీ ఇసుకే. అక్కడ కొండలోంచి వచ్చే మంచినీటి ఊటలు సముద్రం అడుగున పైకి పొంగుతాయి. వెచ్చటి నీళ్ళలో ఈదుతుంటే ఉన్నట్టుండి ఒకచోట ఫ్రిజ్ తలుపు తెరిచినట్టు చల్లబడుతుంది. మా పిల్లలు ఆ చోటు వెతుక్కుంటూ గంటలు గడిపేస్తారు.

రెండు ఊళ్ళకీ మధ్య దూరం ఏడెనిమిది కిలోమీటర్లు. స్టూపాలో దిగి సాయంత్రాలు కార్దమిలి వెళ్ళండి.

సుభద్ర_పిన్ని
అమ్మాయ్, నేను కూడా మోకాళ్ళ మనిషినే, అందుకని చెప్తున్నా. మా అల్లుడుగారు మమ్మల్ని అదే కొండమీది ఊళ్ళలో ఒక ఇంట్లో దింపారు. ఇల్లు దివ్యంగా ఉంది, వరండా నుంచి చూస్తే స్వర్గమే. కానీ కారు ఆపే చోటు నుంచి గుమ్మం దాకా రాతిమెట్లు, లోపల పడకగదికి మళ్ళీ మెట్లు, పట్టుకోవడానికి చేతికమ్మీ లేదు. అవి అసలే హెచ్చుతగ్గుల మెట్లు. ఒకటి జానెడు, ఒకటి మూరెడు. రెండోనాటికి నేను "మీరు వెళ్ళిరండి, నేను ఇంట్లోనే ఉంటా" అనడం మొదలుపెట్టాను. సముద్రం ఎదురుగా కనిపిస్తూనే ఉంది, కాళ్ళు తడపాలంటే మాత్రం ఎవరో ఒకరు కారు తియ్యాలి.

మీ అత్తగారు నోరు తెరిచి చెప్పరు. పెద్దవాళ్ళం పిల్లల సరదా పాడవుతుందని ఊరుకుంటాం. కాబట్టి నువ్వే ముందుగా ఇంటివాళ్ళకి మెసేజ్ పెట్టి అడుగు: కారు దగ్గర నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు? చేతికమ్మీ ఉందా? స్నానాల గదిలో టబ్బా, నేల మీద షవరా? టబ్బు అంచు ఎత్తుకి కాలెత్తడం మాలాంటి వాళ్ళకి కొండెక్కడమే. ఫోటో పంపమంటే పంపుతారు. పంపకపోతే ఆ ఇల్లు వదిలెయ్యి.

కృష్ణాతీరం
పిన్నిగారూ, ఇది నాకు తట్టనే లేదు. ఇప్పుడే మెసేజ్ పెట్టాను. అత్తయ్య నిజంగానే ఏమీ చెప్పరు, నవ్వుతూ కూర్చుంటారు.

పడమటిగాలి
నేను ఏథెన్స్ రేవు పిరయస్‌లో షిప్పింగ్ పనిలో ఉన్నాను, స్వస్థలం విశాఖ. మాని గురించి మంచుకొండగారు చెప్పినవన్నీ సరైనవే. కానీ మీ అవసరాలు వింటుంటే నాకు పడమటి వేలే నయమనిపిస్తోంది.

పైలోస్ పక్కన యాలోవా అని చిన్న ఊరు. నవరినో అఖాతం లోపల ఉంటుంది, ఎదురుగా స్ఫక్తీరియా దీవి గోడలా అడ్డం. 1827 అక్టోబరు 20న బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా ఓడలు కలిసి ఒట్టోమన్, ఈజిప్టు నౌకాదళాన్ని ముంచేసింది ఈ అఖాతంలోనే. ఆ దీవి అడ్డుండటం వల్ల యాలోవాలో నీళ్ళు చెరువులా నిశ్చలంగా ఉంటాయి, లోతు తక్కువ. ఇసుక సన్నటి పట్టీయే కానీ చిన్నపిల్లలకి అది చాలు. నేల సమతలం. మీ మామయ్యగారు పొద్దున్నే బయల్దేరితే వెనకున్న మడుగు వైపు నడవచ్చు, వలస పక్షుల చోటు అది. కలమాట నుంచి దూరం 50 కిలోమీటర్ల పైచిలుకు, మాని అంతటి మలుపులు ఉండవు.

అక్కడి నుంచి వోయిడోకిలియా దగ్గరే. ఇంచుమించు పూర్తి వలయంలా ఉండే ఇసుక తీరం, ఫోటోల్లో చూసే ఉంటారు. రక్షిత ప్రాంతం కాబట్టి గొడుగులు, దుకాణాలు, టాయిలెట్లు ఏమీ ఉండవు. నీళ్ళు, టోపీలు తీసుకుని ఉదయం పూట వెళ్ళి పదకొండుకల్లా వచ్చేయాలి. మెథోని కోట దగ్గర కూడా లోతు తక్కువ బీచ్ ఉంది. సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన బుర్ట్సి బురుజు దాకా రాతిదారి మీద నడిచి వెళ్ళొచ్చు. కొరోని కోట లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, ఒక సన్యాసినుల మఠం కూడా ఉంది.

పైలోస్‌లో మాత్రం దిగకండి. చెట్ల నీడలో పెద్ద చౌక్, రేవు, కోట, సాయంత్రం కూర్చోడానికి బ్రహ్మాండమైన ఊరు. కానీ ఊళ్ళో చెప్పుకోదగ్గ బీచ్ లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం. 2026లో ఆర్థడాక్స్ ఈస్టర్ ఏప్రిల్ 12న వచ్చింది. దానికి యాభై రోజుల తర్వాత, అంటే జూన్ 1 సోమవారం, ఇక్కడ సెలవు. మే 30, 31 కలిపి మూడు రోజుల వారాంతం. ఏథెన్స్ జనం చాలామంది ఈ తీరానికే దిగుతారు. మీ చివరి రెండు రాత్రుల గది ఇప్పుడే బుక్ చేసుకోండి.

నల్లమల
ఎవరూ లోపలి మాని మాటే ఎత్తడం లేదు! అరియోపోలి దాటాక చెట్టూ చేమా తగ్గిపోయి ఉత్త రాయి మిగులుతుంది. ఆ రాళ్ళతోనే కట్టిన ఎత్తైన బురుజు ఇళ్ళు. కుటుంబాల మధ్య తరతరాల పగలు నడిచిన కాలంలో ఇల్లే కోట. వాథియా ఊరు దూరం నుంచి చూస్తే గుండె ఆగుతుంది. అరియోపోలిలో 1821 మార్చి 17న ఒట్టోమన్ల మీద తిరుగుబాటు జెండా ఎత్తారు. ఇప్పుడు ఆ బురుజుల్లో కొన్నిటిని హోటళ్ళుగా మార్చారు. రాత్రి యెరోలిమేనాస్ రేవులో కూర్చుంటే వెనక నల్లటి కొండ, ముందు నీళ్ళు, ఇంకేమీ ఉండదు. తైనారో అగ్రం దాకా నడక ఉంది, గ్రీస్ ప్రధాన భూభాగానికి అదే దక్షిణపు కొస. అంతదూరం వెళ్ళి ఇసుకలో కూర్చుని రావడం ఏమిటండీ? కనీసం మూడు రాత్రులు అక్కడ పెట్టుకోండి.

మంచుకొండ
అన్నా, నువ్వు చెప్పినవాటికి నేనూ మనసు పారేసుకున్నవాడినే. ఇద్దరే వెళ్తే లోపలి మానికి మించింది లేదు. కానీ బురుజు అంటే అంతస్తుకో గది, మధ్యలో నిటారు మెట్లు. సుభద్ర పిన్నిగారు చెప్పింది చదివాక అత్తయ్యగారిని అక్కడ దింపమని ఎలా అంటాం? అరియోపోలి పక్కనే ఉన్న లిమేని రేవులో నీళ్ళు పచ్చలా మెరుస్తాయి, కానీ అక్కడ ఇసుక ఒడ్డు లేదు, రాతి అంచు నుంచి నేరుగా లోతులోకి దిగాలి. మూడేళ్ళ బాబుని ఒక్క క్షణం వదలడానికి ఉండదు.

స్టూపా నుంచి ఒక రోజు కేటాయిస్తే చాలు. పొద్దున్నే బయల్దేరి దీరోస్ గుహలు చూడాలి. భూమిలోపల నీళ్ళ మీద చిన్న పడవలో కూర్చోబెట్టి తీసుకెళ్తారు, సున్నపురాయి తోరణాలు తలకి తగిలేంత కిందికి వేలాడుతుంటాయి. నడక భాగంలో కొన్ని మెట్లు ఉంటాయి. అత్తయ్యగారికి ఇబ్బందనిపిస్తే పైన సముద్రం పక్కన కూర్చోవచ్చు. మధ్యాహ్నం అరియోపోలి చౌక్‌లో భోజనం. ఓపికుంటే వాథియా, లేకపోతే వెనక్కి.

నల్లమల
సరే, పిల్లలు పెద్దయ్యాక వెళ్ళండి అక్కా. కానీ ఆ ఒక్క రోజు మాత్రం వదలొద్దు. వాథియా సాయంత్రం వెలుగులోనే చూడాలి.

అనకాపల్లి_బెల్లం
తిండి గురించి నేను చెప్తా. శాకాహారులకి గ్రీస్ చాలా మంచి దేశం, అడగడం తెలియాలి అంతే. గిగాంతెస్ అంటే టొమాటోలో మగ్గిన పెద్ద చిక్కుడు గింజలు. బ్రియామ్ అంటే వంకాయ, గుమ్మడిజాతి కాయ, బంగాళాదుంప కలిపి నూనెలో కాల్చింది. గెమిస్తా అంటే టొమాటోలు, క్యాప్సికంలో బియ్యం కూరి వండింది. ఇందులో కొన్నిచోట్ల కీమా కలుపుతారు, అడిగి తీరాలి. ఫావా అనే పప్పు ముద్ద, ఖోర్తా అనే ఉడికించిన ఆకుకూర నిమ్మరసంతో.

"నిస్తీసిమో" అని మెనూలో ఉంటే ఉపవాసపు వంట. పాలు, గుడ్లు, మాంసం ఉండవు. కానీ రొయ్యలు, ఆక్టోపస్ ఉండొచ్చు, వాళ్ళ ఉపవాసానికి అవి చెల్లుతాయి. అత్తయ్యగారికి పెట్టేముందు చూసుకోండి.

కలమాట ఆలివ్‌ల గురించి చెప్పక్కర్లేదు. లలంగియా అని ఆలివ్ నూనెలో వేయించిన పిండి తీగలు దొరుకుతాయి, వేడివేడిగా తినాలి. పస్తేలీ అని నువ్వులు, తేనెతో చేసిన పట్టీలుంటాయి, పిల్లల చేతికివ్వడానికి భలే ఉంటాయి.

రోజూ ఒక పూటైనా అన్నం ఉండాలి కదా. సూపర్‌మార్కెట్లలో బాస్మతి దొరుకుతుంది. పెరుగు కొనేటప్పుడు పైన మీగడ తొరక కట్టి ఉండే గొర్రెపాల పెరుగు కాకుండా "అగెలాదోస్" అని అడిగితే ఆవుపాలది ఇస్తారు. నీళ్ళు కలిపి చిలికితే పెరుగన్నానికి సరిపోతుంది. ఎండుమిరప తునకలు "బూకోవో" పేరుతో ఉంటాయి, పోపుకి పనికొస్తాయి. ఇంగ్లండ్ నుంచి నెయ్యి, పనీర్ మాత్రం తీసుకెళ్ళకండి. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి పాల పదార్థాలు, మాంసం తేవడానికి అనుమతి లేదు. ఆవకాయ చెక్-ఇన్ బ్యాగ్‌లో పెట్టుకోండి.

కృష్ణాతీరం
ఇది ప్రింట్ తీసి పెట్టుకుంటున్నాను! ఇంటివాళ్ళ దగ్గర నుంచి జవాబొచ్చింది. కారు నుంచి గుమ్మానికి 31 మెట్లు, లోపల ఇంకో 14. చేతికమ్మీ ఒకవైపే. వదిలేశాం. పాపకి నచ్చజెప్పాలి.

స్టూపానా, యాలోవానా అన్నది ఇంకా తేలలేదు. కారు లేకుండా కలమాటలోనే ఉండిపోతే ఎలా ఉంటుందని మా ఆయన అడుగుతున్నారు. కుడివైపు డ్రైవింగ్, మలుపులు అనగానే ఆయనకి టెన్షన్ మొదలైంది.

రైలుపెట్టె
కలమాటలో కారు లేకుండా హాయిగా ఉండొచ్చు, మేం అలాగే చేశాం. సముద్రం ఒడ్డున నవరినో వీధి పొడుగునా హోటళ్ళు, సైకిల్ దారి, ఎదురుగా బీచ్. ఊళ్ళోకి 1వ నంబర్ సిటీ బస్సు. పాత రైల్వే స్టేషన్‌ని పార్కుగా మార్చారు, పాత ఇంజన్లు, పెట్టెలు అక్కడే నిలబెట్టారు, పిల్లలు ఎక్కి ఆడుకుంటారు. మార్కెట్ బుధ, శని వారాల్లో. పెద్ద ఆసుపత్రి కూడా ఈ జిల్లాకంతటికీ అక్కడే.

ఇబ్బందులు రెండు. బీచ్ గులకరాళ్ళది, త్వరగా లోతు వస్తుంది. ఒడ్డు వీధిలో బార్లు రాత్రి పొద్దుపోయేదాకా మోగుతాయి, కాబట్టి వెనకవైపు గది అడగండి. కార్దమిలి, స్టూపాలకి బస్సులున్నాయి కానీ రోజుకి కొన్నే, ఆదివారం ఇంకా తక్కువ.

పడమటిగాలి
డ్రైవింగ్ గురించి: యూకే లైసెన్స్ ఇక్కడ చెల్లుతుంది. ఇండియా లైసెన్స్ అయితే ఇంటర్నేషనల్ పర్మిట్ తప్పనిసరి. ఆటోమేటిక్ కార్లు తక్కువ, ఇప్పుడే బుక్ చేయండి. చైల్డ్ సీట్లు కూడా. మీ ఆయనకి టెన్షన్‌గా ఉంటే వచ్చిన రోజు రాత్రి కొండ రోడ్డు పెట్టుకోవద్దు. ఫ్లైట్ ఎన్నింటికి దిగుతుంది?

కృష్ణాతీరం
మధ్యాహ్నం రెండున్నరకి.

పడమటిగాలి
అయితే వెలుగులోనే చేరిపోతారు, భయం లేదు. ఆ రోడ్డు మొదటిసారి పగలు నడిపితే తర్వాత అలవాటైపోతుంది. నా మనసు యాలోవా మీదే ఉన్నా, ఒకటి నిజం. యాలోవాలో సాయంత్రం ఏడెనిమిది తవెర్నాల ముందు నడిచి వచ్చాక ఊరు అయిపోతుంది. స్టూపాలో దుకాణాలు, బేకరీలు, పిల్లల సందడి ఎక్కువ. మీ పాప వయసుకి అది బాగుంటుంది.

గోరింటాకు
వీసా గురించి ఎవరూ అనలేదు. పెద్దవాళ్ళు యూకేకి విజిట్ వీసా మీద వస్తుంటే షెంగెన్ వీసా ఇండియాలోనే వేయించండి. మామూలుగా ఎవరు ఎక్కడ నివాసం ఉంటే అక్కడే దరఖాస్తు చేసుకోవాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజీతో ఉండాలి. బస బుకింగ్ ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి, వీసా ఆలస్యమైతే డబ్బు పోదు. మా అమ్మానాన్నలకి అపాయింట్‌మెంట్ దొరకడానికే చాలా రోజులు పట్టింది. ఇవాళే మొదలుపెట్టండి.

సుభద్ర_పిన్ని
ఒకే పెద్ద ఇల్లు అని పట్టుబట్టకు తల్లీ. అక్కడ కుటుంబాలు నడిపే చిన్న అపార్ట్‌మెంట్లుంటాయి, కిందింటిలో ఓనరమ్మే ఉంటుంది. నేల అంతస్తులో పక్కపక్కన రెండు తీసుకో. పిల్లలు తొమ్మిదింటికి పడుకున్నా మీ మామగారు వార్తలు చూసుకోవచ్చు, తెల్లారి ఆయన తలుపు తీసినా మీ నిద్ర చెడదు. మా రెండో ట్రిప్పు అలాగే వెళ్ళాం. ఓనరమ్మకి నా భాష రాదు, నాకు ఆవిడ భాష రాదు, అయినా రోజూ పొద్దున పెరట్లోంచి నిమ్మకాయలు తెచ్చి నా చేతిలో పెట్టేది.

మంచుకొండ
పిన్నిగారి మాట ఖర్చు పరంగా కూడా మంచిదే. బసకి అదనంగా పర్యావరణ రుసుం కట్టాలి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా విడిగా ఉండే 80 చదరపు మీటర్లకి మించిన అద్దె ఇంటికి రాత్రికి 15 యూరోలు, షార్ట్ టర్మ్ అపార్ట్‌మెంట్‌కి 8, లైసెన్సున్న పాతకాలపు అద్దెగదుల తరహా అపార్ట్‌మెంట్‌కి 2. హోటల్ అయితే స్టార్లని బట్టి గదికి 2 నుంచి 15. ఇది మనిషికి కాదు, గదికి. చాలాచోట్ల అక్కడికి వెళ్ళాకే వసూలు చేస్తారు కాబట్టి ముందుగా అడిగి ఉంచుకోండి.

కృష్ణాతీరం
ఇంట్లో అందరం కూర్చుని తేల్చేశాం. స్టూపాలో ఒడ్డుకి రెండు వీధుల వెనక, నేల అంతస్తులో పక్కపక్కన రెండు అపార్ట్‌మెంట్లు, 23 నుంచి 30 దాకా. గుమ్మానికి ఒక్కటే మెట్టు, ఫోటో తెప్పించుకున్నాను. 30 శనివారం పొద్దున్నే బయల్దేరి కలమాట మార్కెట్ చూసుకుని, ఆ రాత్రి అక్కడే వెనకవైపు గదిలో. ఆదివారం ఫ్లైట్. లోపలి మానికి మంగళవారం పెట్టాం, వాథియా సాయంత్రం వెలుగులోనే, నల్లమల గారూ! యాలోవా ఇంకోసారికి.

ఆఖరి ప్రశ్న. ఓనరమ్మ "వేడినీళ్ళు సోలార్" అని రాశారు. మామయ్య తెల్లవారుజామున ఐదింటికే స్నానం చేస్తారు. నీళ్ళు వేడిగా ఉంటాయా?

పడమటిగాలి
ముందురోజు ఎండ బాగా కాసి, రాత్రి అందరూ వాడేయకపోతే ఉంటాయి. లేకపోతే కరెంటు హీటర్ కూడా అదే ట్యాంకులో ఉంటుంది. దాని స్విచ్ స్నానాల గదిలో వెతకకండి. మామూలుగా తలుపు దగ్గర ఫ్యూజుల పెట్టెలో ఉంటుంది, పక్కన "థెర్మోసీఫోనాస్" అని రాసి ఉంటుంది. ఇరవై నిమిషాల ముందు వేసి, స్నానానికి వెళ్ళేముందు ఆపేయమనండి. దిగిన రోజే ఓనరమ్మని చూపించమని అడగండి.